గల్ఫ్‌లో నూనె ట్యాంకులు తగలబడితే మన గ్యాస్ బండకు ఏమవుతుంది?

విభాగం: వైజాగ్ కబుర్లు » ఊరూ, ఉద్యోగాలూ, ధరలూ

జాలరిపేట_శ్రీను
15 జూన్ 2025, ఉదయం 6:35

నిన్న అర్ధరాత్రితో వేట నిషేధం అయిపోయింది. 61 రోజులు. ఫిషింగ్ హార్బర్‌లో రాత్రంతా జాతరే. గంగమ్మకు కొబ్బరికాయలు కొట్టి, ఐస్ ఎక్కించి, సరుకులు సర్దుకుని బోట్లన్నీ బారులు తీరాయి. మా అయ్య బోటు కూడా తెల్లవారుజామున వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి ఫోన్ తీస్తే ఇదీ వార్త. నిన్న ఇరాన్‌లో సౌత్ పార్స్ గ్యాస్ ప్లాంటు మీద ఇజ్రాయెల్ దాడి. రాత్రి టెహ్రాన్‌లో షహ్రాన్ ఆయిల్ డిపో భగభగ మండుతున్న వీడియోలు. శుక్రవారం ఒక్కరోజే బ్రెంట్ క్రూడ్ (ప్రపంచ మార్కెట్‌లో కొలబద్దగా చూసే ముడి చమురు) 7 శాతం ఎగిరి 74 డాలర్ల పైన ఆగిందట.

మా బోటుకు ఒక్కో వోయేజ్‌కి 3 వేల లీటర్ల డీజిల్ కావాలి. లీటరు 96. సబ్సిడీ 9 రూపాయలు తీసేసినా రెండున్నర లక్షల పైమాటే. చేప పడినా పడకపోయినా ఆ డబ్బు ముందే కాలిపోతుంది. ఇప్పుడు డీజిల్ రేటు పెరుగుతుందా, లేక అసలు దొరకడమే కష్టమవుతుందా? మా అయ్య వెళ్తూ వెళ్తూ అడిగాడు. ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కణ్ణే కాబట్టి నాకు తెలిసి ఉండాలని ఆయన నమ్మకం.

ఇడ్లీపాత్ర
15 జూన్ 2025, ఉదయం 7:12

శ్రీనూ, డీజిల్ సంగతి నాకు తెలియదు. గ్యాస్ సంగతి కూడా ఎవరైనా చెబితే బాగుండు. కూర్మన్నపాలెంలో చిన్న టిఫిన్ కొట్టు మాది. 19 కేజీల బండ రెండు రోజులు రాదు. ఇంటి బండ మీద ఏప్రిల్‌లో 50 పెంచారు, అది దీపం పథకంలో ఎలాగో సర్దుకున్నాం. కొట్టు బండకు ఏ పథకమూ లేదు. ప్లేటు ఇడ్లీ మీద 5 రూపాయలు పెంచితే ఎదురు కొట్టుకు పోతారు జనం.

అంతా_నాటకం
15 జూన్ 2025, ఉదయం 7:40

క్రూడ్ పెరిగితే ఇక్కడ పెరుగుతుంది. క్రూడ్ తగ్గితే ఇక్కడ తగ్గదు. ఇంతకంటే తెలుసుకోవాల్సింది ఏమీ లేదు తమ్ముడూ.

పంప్‌హౌస్_పెద్దాయన
15 జూన్ 2025, ఉదయం 9:05

నాటకం గారూ, మీ మాటలో సగం నిజం ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు ఆ కుర్రాడు అడిగిందానికి జవాబు.

నేను 34 ఏళ్లు రిఫైనరీలో క్రూడ్ యూనిట్లో షిఫ్టులు చేసి రిటైరయ్యాను. నూనె భూమిలో ఎంత ఉందన్నది యుద్ధంలో పెద్ద విషయం కాదు బాబూ. భూమిలో ఉన్న నూనెను ఏ క్షిపణీ ఏమీ చేయలేదు. పైకి తీసినదాన్ని ఓడ ఎక్కించేదాకా మధ్యలో నాలుగైదు ఇరుకు చోట్లు ఉంటాయి. దెబ్బ అక్కడ తగులుతుంది.

2019 సెప్టెంబరు 14న సౌదీలో అబ్‌కైక్, ఖురైస్ నూనె కేంద్రాల మీద దాడి జరిగింది. 18 డ్రోన్లు, 7 క్రూయిజ్ క్షిపణులు అని సౌదీ వాళ్లు చెప్పారు. యెమెన్ తిరుగుబాటుదారులు హౌతీలు మేమే చేశామన్నారు. అమెరికా, సౌదీ మాత్రం ఇరాన్‌ని వేలెత్తి చూపాయి. రోజుకు 57 లక్షల పీపాల (బ్యారెళ్ల) ఉత్పత్తి ఒక్క పొద్దులో ఆగిపోయింది. ప్రపంచం వాడేదాంట్లో 5 శాతం. ఇవాళ మన దేశం మొత్తం రోజుకు వాడేది 55 లక్షల పీపాలు. లెక్క అర్థమైందా?

అంతమాత్రాన సౌదీలో బావులు పోయాయా? ఒక్కటీ పోలేదు. పోయింది అబ్‌కైక్‌లోని స్టెబిలైజర్ కాలమ్‌లు, స్పిరాయిడ్లు (గుండ్రటి పెద్ద ట్యాంకులు). బావిలోంచి వచ్చే క్రూడ్ గోలీ సోడాలా ఉంటుంది. లోపల గ్యాస్ కరిగి ఉంటుంది, పైగా హైడ్రోజన్ సల్ఫైడ్. కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుందే, అది. మోతాదు మించితే వాసన కూడా తెలియదు, మనిషి కుప్పకూలిపోతాడు. దాన్ని అలాగే ఓడలో నింపితే ఓడ కాదు, బాంబే. అందుకే ఒత్తిడి మెల్లగా తగ్గించి, కాలమ్‌లో వేడిచేసి, ఆ గ్యాసులన్నీ విడగొట్టి, అప్పుడు పంపుతారు. ఈ పనికి ప్రపంచంలోకెల్లా పెద్ద చోటు అబ్‌కైక్. రోజుకు 70 లక్షల పీపాలు పట్టే సత్తా దానిది.

ఊళ్లో పది బావులున్నా చేద ఒక్కటే అయితే, ఆ చేద పోయిన రోజు పది బావులూ ఎండినట్టే.

దమ్మాం_సత్తిబాబు
15 జూన్ 2025, మధ్యాహ్నం 1:20

పెద్దాయన గారికి నమస్కారం. మాది అనకాపల్లి దగ్గర. 2019లో నేను దమ్మాంలో స్కాఫోల్డర్‌గా ఉన్నా. అబ్‌కైక్ మాకు 60 కిలోమీటర్లు ఉంటుంది.

ఆ రోజు తెల్లారేసరికి ఆకాశంలో ఒక పక్క నల్లగా పొగ. క్యాంపులో ఎవరికీ ఏమీ తెలియదు. మలయాళీ ఫోర్‌మన్ వచ్చి డ్యూటీ బస్సు రాదు, గదుల్లో ఉండండి అన్నాడు. ప్రపంచంలో 5 శాతం నూనె ఆగిందని మాకెలా తెలుస్తుంది, మధ్యాహ్నం అనకాపల్లి నుంచి మా ఆవిడ ఫోన్ చేసి ఏడిస్తే తెలిసింది.

తర్వాత మాత్రం నిద్ర లేదండీ. వారం తిరక్కుండానే గల్ఫ్‌లో దొరికిన ప్రతి వెల్డర్నీ, ఫిట్టర్నీ, స్కాఫోల్డర్నీ అటు తోలారు. మంచం (మేము స్కాఫోల్డింగ్‌ని అలాగే అంటాం) కట్టడం, విప్పడం, మళ్లీ కట్టడం. పన్నెండు గంటల షిఫ్టు. ఓవర్‌టైమ్ బాగానే పడింది. ఆ డబ్బుతోనే మా చెల్లి పెళ్లి. నెలాఖరుకల్లా ఉత్పత్తి మామూలుకు వచ్చిందని ప్రకటించారు. పైపులకు రంగులు వేయడం మాత్రం ఇంకా చాలా నెలలు నడిచింది, అది పేపర్లో రాదు కదా.

ఇప్పుడు కూడా దమ్మాంలోనే ఉన్నా. రాత్రుళ్లు క్షిపణులు పైనుంచి పోతుంటే నిప్పు గీతల్లా కనబడుతున్నాయి. ఇంటికి ఫోన్ చేసి ఏమీ లేదని చెబుతున్నా.

మల్కాపురం_పద్మ
15 జూన్ 2025, మధ్యాహ్నం 2:02

సెప్టెంబరు 14 అని చదవగానే ఒక్కసారి ఆగిపోయాను. మా మల్కాపురం వాళ్లకు ఆ తేదీ వేరే. 1997, ఆదివారం, పొద్దున్నే. హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఎల్‌పీజీ అంటుకుని ట్యాంకులు ఒకదాని తర్వాత ఒకటి పేలాయి. 60 మంది దాకా పోయారు. మా అమ్మ నన్ను చంకనేసుకుని చెప్పులు కూడా లేకుండా ఎన్ఏడీ జంక్షన్ దాకా నడిచింది. రోడ్డంతా జనం. ఆకాశం రెండు రోజులు నల్లగానే ఉందట.

అక్కడ ఏ శత్రువూ లేడు, ఏ డ్రోనూ లేదు. అందుకే టీవీలో ట్యాంకులు మండుతుంటే యాంకర్లు అంత హుషారుగా ఎలా మాట్లాడతారో నాకు అర్థం కాదు. ఆ ట్యాంకు గోడ పక్కనే ఎవరో ఒకరి ఇల్లు ఉంటుంది.

పంప్‌హౌస్_పెద్దాయన
15 జూన్ 2025, మధ్యాహ్నం 2:30

అవునమ్మా. ఆ పొద్దున నాకు వీక్లీ ఆఫ్. ఇంతకంటే రాయలేను.

చరిత్ర_పిచ్చోడు
15 జూన్ 2025, సాయంత్రం 5:48

నూనె ట్యాంకుల మీద దాడి మన తీరానికి కొత్త కాదు. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు ముందుకొచ్చి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు పేల్చింది. అప్పటికి మనమంతా మద్రాసు ప్రెసిడెన్సీయే. మంటలు కొద్దిసేపే, భయం మాత్రం నెలల తరబడి. వేలమంది నగరం వదిలి పారిపోయారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి.

ఇంకో మాట. మనం పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని ఆర్కే బీచ్‌లో చూస్తూ వచ్చిన డిసెంబరు 4 నేవీ డే దేని గుర్తుగా? 1971లో మన మిసైల్ బోట్లు కరాచీని కొట్టిన రాత్రి గుర్తుగా. నాలుగు రోజుల తర్వాత మళ్లీ వెళ్లి కొట్టారు. కియామారి నూనె ట్యాంకులు రోజుల తరబడి మండాయి. అంటే ఇంధనాన్ని కొడితే శత్రువు కాళ్లు విరుగుతాయన్న సంగతి మనకు బాగా తెలుసు. తెలిసే చేశాం. ఈ చర్చలో ఇరాన్, ఇజ్రాయెల్ గురించి నీతులు మొదలవకముందే ఇది గుర్తుచేద్దామని.

యారాడ_గాలి
15 జూన్ 2025, సాయంత్రం 6:15

కరాచీ సంగతి వేరు బ్రదర్. అది రెండు దేశాల మధ్య. ట్యాంకుల్లో నూనె వాళ్లదే, నష్టమూ వాళ్లదే. ఇక్కడ నూనె పదిమందిది.

అయినా మనకేం భయం? మన కొండ కిందే లక్షల టన్నుల క్రూడ్ దాచిపెట్టారుగా!

పంప్‌హౌస్_పెద్దాయన
15 జూన్ 2025, రాత్రి 8:50

"మన కొండ కింద" అని ఊళ్లో అందరూ ధీమాగా చెప్పుకుంటారు కాబట్టి లెక్క చెబుతాను. విశాఖ భూగర్భ నిల్వ 13.3 లక్షల టన్నులు. 2015లో ఇరాక్ నుంచి మొదటి ఓడ వచ్చి నింపడం మొదలైంది. మంగళూరులో 15 లక్షలు, పాదూరులో 25 లక్షలు. మూడూ కలిపి 53.3 లక్షల టన్నులు.

పీపాల్లోకి మారిస్తే మన విశాఖది 97 లక్షలకు కాస్త అటూ ఇటూ. దేశం రోజుకు వాడేది 55 లక్షలు. అంటే కొండ కింద ఉన్నదంతా తోడినా దేశానికి రెండు రోజులు రాదు. మూడు చోట్లా కలిపి, ఇవాళ్టి వాడకంతో, ఓ వారం. కంపెనీల దగ్గరున్న నిల్వ సామర్థ్యం కూడా కలిపితేనే ప్రభుత్వం చెప్పే 74 రోజులు. అయితే ఒక్క మన రిఫైనరీకే వాడతామంటే ఆ గుహ నెల రోజులు నడుపుతుంది. ఏడాదికి కోటిన్నర టన్నుల సామర్థ్యం దానిది.

ఆ కట్టడం మాత్రం ముచ్చటేస్తుంది. లోపల ఇనుప ట్యాంకేమీ ఉండదు. ఖోండలైట్ రాతిని తొలిచి వదిలేశారు. చుట్టూ రాళ్ల సందుల్లో నీటి ఒత్తిడి లోపలి నూనె ఒత్తిడి కంటే ఎక్కువ ఉండేలా చూస్తారు. నీళ్లు లోపలికి రావాలని చూస్తాయి, నూనె బయటికి పోలేదు. లోపలికి ఊరిన నీటిని పంపులు తోడేస్తుంటాయి. నీళ్లే గోడ. 2020లో లాక్‌డౌన్ పెట్టి ప్రపంచమంతా ఇళ్లలో కూర్చున్నప్పుడు, క్రూడ్ పీపా సగటున 19 డాలర్లకు కొని ఈ గుహలు నింపారు. మనవాళ్లు చేసిన మంచి బేరాల్లో అదొకటి.

మోడరేటర్
15 జూన్ 2025, రాత్రి 9:10

మంచి చర్చ. ఒక్క మనవి. నిల్వల చోట్లు, నేవీ స్థావరాలు, వాటి ఫొటోలు, మ్యాపులు ఇక్కడ పెట్టొద్దు. గత నెల 7న మాక్ డ్రిల్‌లో సైరన్లు విన్నాం కదా, కారణం చెప్పక్కర్లేదు. ఒక పోస్టు తొలగించాను.

షేర్ల_కోటి
16 జూన్ 2025, ఉదయం 10:25

రాత్రి ఇరాన్ క్షిపణులు హైఫా రిఫైనరీని కొట్టాయి. ముగ్గురు ఉద్యోగులు చనిపోయారు. రిఫైనరీ మొత్తం ఆపేశారు. అయినా బ్రెంట్ పొద్దున కాస్త ఎగిరి మళ్లీ కిందికి చూస్తోంది. ఎందుకో చెబుతా.

మార్కెట్ కొట్టినదాన్ని కాదు, కొట్టనిదాన్ని చూస్తోంది. ఇరాన్ ఎగుమతి చేసే క్రూడ్‌లో 90 శాతం ఖార్గ్ అనే ఒకే ఒక్క దీవి నుంచి ఓడలెక్కుతుంది. ఇజ్రాయెల్ దాన్ని ముట్టుకోలేదు. సౌత్ పార్స్‌లో తగిలింది ఇరాన్ లోపల వాడుకునే గ్యాస్‌కి. షహ్రాన్ టెహ్రాన్ బంకులకు పంపే డిపో. అంటే ఇప్పటిదాకా ప్రపంచానికి వచ్చే ఒక్క పీపా కూడా ఆగలేదు. 2019లో అలా కాదు, పీపాలు నిజంగానే ఆగాయి. సోమవారం మార్కెట్ తెరవగానే బ్రెంట్ 20 శాతం దగ్గరికి ఎగిరింది. ఆ రోజు ముగింపు 69 డాలర్లు. నెలాఖరుకు మళ్లీ పాత ధరే.

శ్రీనూ, నీ డీజిల్ విషయంలో ఇంకో కిటుకు ఉంది. క్రూడ్ బావిని కొట్టడం వేరు, రిఫైనరీని కొట్టడం వేరు. ఉక్రెయిన్ 2024 నుంచి రష్యా రిఫైనరీల మీద డ్రోన్లు వేస్తోంది. రిఫైనరీ ఆగితే రష్యా క్రూడ్ ఇంకా ఎక్కువగా బయటికి అమ్ముకుంటుంది, కానీ పెట్రోలు, డీజిల్ తగ్గుతాయి. 2024 మార్చి 1 నుంచి రష్యా తన పెట్రోలు ఎగుమతులే ఆపేసింది. అలాంటప్పుడు క్రూడ్ చౌకగానే ఉంటుంది, డీజిల్ మాత్రం మండుతుంది. టీవీలో బ్రెంట్ ఒక్కటే చూసి డీజిల్ అంచనా వేయకు.

జాలరిపేట_శ్రీను
16 జూన్ 2025, ఉదయం 11:00

అంటే బావి బాగుండి దంచే రోలు పగిలినట్టు?

షేర్ల_కోటి
16 జూన్ 2025, ఉదయం 11:04

బావిలో రోలేంటిరా బాబూ. వడ్లున్నాయి, మిల్లు కాలింది. అలా అనుకో.

అంతా_నాటకం
16 జూన్ 2025, ఉదయం 11:30

మరి రష్యా క్రూడ్ చౌకగా కొన్నాం కదా మూడేళ్లు? ఆ చౌక ఏ బంకులో కనబడింది? గాజువాకలో అయితే కనబడలేదు.

పంప్‌హౌస్_పెద్దాయన
16 జూన్ 2025, మధ్యాహ్నం 12:15

మీ మాటలో సగం నిజం అన్నది ఇదే. 2024 మార్చిలో లీటరుకు 2 రూపాయలు తగ్గించాక బంకు ధర మళ్లీ కదల్లేదు. క్రూడ్ దిగినప్పుడు కంపెనీలు మిగుల్చుకున్నాయి, ఈ ఏప్రిల్‌లో ఎక్సైజ్ సుంకం 2 రూపాయలు పెంచితే దాన్నీ అవే భరించాయి. అదే పద్ధతిలో ఇప్పుడు 74, 78 అయినా వెంటనే పెంచరు. శ్రీనూ వాళ్ల నాన్నగారు ఈ వోయేజ్ వరకు నిశ్చింతగా ఉండొచ్చు. మిగతా సగం ఏమిటంటే, కంపెనీలు అలా ఎంతకాలం భరిస్తాయన్నది హోర్ముజ్ (గల్ఫ్ నుంచి ఓడలు బయటికొచ్చే ఇరుకు జలసంధి) చేతిలో ఉంది.

అమ్మా ఇడ్లీపాత్రా, నాకు నిజంగా బెంగగా ఉన్నది మీ గ్యాస్ గురించి. క్రూడ్‌కి రష్యా ఉంది, అమెరికా ఉంది, ఆఫ్రికా ఉంది, కొండ కింద కాస్త ఉంది. ఎల్‌పీజీకి? దేశం వాడేదాంట్లో 60 శాతం దిగుమతి. ఆ దిగుమతిలో 90 శాతం పైగా గల్ఫ్ నుంచే. ఖతార్, యూఏఈ, కువైట్, సౌదీ. అంతా హోర్ముజ్ గుండానే. వ్యూహాత్మక నిల్వ పెట్టుకున్నది క్రూడ్‌కి మాత్రమే. డాల్ఫిన్స్ నోస్ కింద ఎల్‌పీజీ గుహ ఒకటుంది, 2007 నుంచి, సముద్రమట్టానికి దాదాపు 200 మీటర్ల లోతున. కానీ అందులో పట్టేది 60 వేల టన్నులు. దేశం ఒక్కరోజులో 85 వేల టన్నులు వండుకుని తింటుంది.

ఇడ్లీపాత్ర
16 జూన్ 2025, మధ్యాహ్నం 3:40

ఇప్పుడే చదివాను. మా ఆయన్ని పాత కట్టెల పొయ్యి అటక మీద నుంచి దింపమన్నాను. నవ్వాడు. పెద్దాయన గారు రాసింది చదివి వినిపించాక దింపాడు.

మూడో_ఇంజనీర్
18 జూన్ 2025, రాత్రి 11:50

నెట్ దొరికింది. మాది గాజువాక, ఎల్‌పీజీ ట్యాంకర్లో థర్డ్ ఇంజనీర్‌ని. ఓడ పేరు, జెండా అడక్కండి. యూఏఈలో లోడింగ్ అయిపోతోంది. ఎక్కడికి వస్తున్నామో చెబితే నమ్మరు, విశాఖకే.

నిన్న గల్ఫ్ ఆఫ్ ఒమాన్‌లో రెండు ట్యాంకర్లు ఢీకొన్న వార్త చూసే ఉంటారు. అడలిన్, ఫ్రంట్ ఈగిల్. క్షిపణి కాదు, టార్పెడో కాదు. కానీ ఆ చుట్టుపక్కల వారం రోజులుగా జీపీఎస్ పిచ్చెక్కినట్టు ఉంది. మొన్న మా బ్రిడ్జి తెర మీద మా ఓడ ఇరాన్ లోపల రోడ్డు మీద పోతున్నట్టు చూపించింది. పక్క ఓడలన్నీ ఒకదాని మీద ఒకటి గుండ్రంగా తిరుగుతున్నట్టు. కెప్టెన్ రాడార్‌నీ, సొంత కళ్లనీ నమ్ముకుని నడుపుతున్నాడు.

హోర్ముజ్ అంటే మ్యాప్‌లో ఇరుకైన చోట 33 కిలోమీటర్లు. ఓడలు నడిచే బాట మాత్రం పోవడానికి రెండు మైళ్లు, రావడానికి రెండు మైళ్లు, మధ్యలో రెండు మైళ్ల ఖాళీ. అంతే. రోజుకు 2 కోట్ల పీపాలు, ప్రపంచం తాగే నూనెలో ఐదో వంతు ఆ బాట మీద నడుస్తుంది. దాన్ని మూసేయడానికి గొలుసు కట్టక్కర్లేదు. రెండు ఓడలు తగలబడితే ఇన్సూరెన్స్ వాడే మూసేస్తాడు. వార్ రిస్క్ ప్రీమియం ఓడ విలువలో శాతంగా కడతారు, వారం వారం రేటు మారుతోంది. మా ఓనర్ ఒక రోజంతా ఆలోచించాడు, రావాలా వద్దా అని. ఆ ఒక్క రోజు ఆలోచన ఖరీదు కూడా చివరికి మీ బండ మీదే పడుతుంది ఇడ్లీపాత్ర గారూ.

చరిత్ర_పిచ్చోడు
19 జూన్ 2025, ఉదయం 8:20

తమ్ముడూ, జాగ్రత్త. 2024 జనవరి 26 రాత్రి గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో మార్లిన్ లువాండా అనే ట్యాంకర్‌కు హౌతీ క్షిపణి తగిలి మంటలు లేచినప్పుడు ఆర్పడానికి వెళ్లిన మన యుద్ధనౌక పేరేంటో తెలుసా? ఐఎన్ఎస్ విశాఖపట్నం. ఓడలో 22 మంది భారతీయులు, ఒక బంగ్లాదేశీ. అందరూ బతికారు.

మూడో_ఇంజనీర్
19 జూన్ 2025, ఉదయం 9:02

తెలుసు అన్నా. ఈ వారంలో ఆ పేరు మా మెస్‌లో పదిసార్లు వినబడింది.

యారాడ_గాలి
19 జూన్ 2025, ఉదయం 9:30

హోర్ముజ్ మూస్తే పైపులైన్లు లేవా? సౌదీలో తూర్పు నుంచి ఎర్ర సముద్రానికి ఒకటి ఉందని చదివాను.

షేర్ల_కోటి
19 జూన్ 2025, ఉదయం 10:10

ఉంది. యాన్బూ వరకు వెళ్లే తూర్పు-పడమర పైపులైను, అది అబ్‌కైక్ నుంచే బయలుదేరుతుంది, అదొక తిరకాసు. యూఏఈది హబ్షాన్ నుంచి ఫుజైరాకు, రోజుకు 15 లక్షల పీపాలు, 2012 నుంచి. రెండింట్లో ఇప్పటికే కొంత నూనె పారుతోంది కాబట్టి అత్యవసరానికి ఖాళీ ఉన్నది 26 లక్షల పీపాలే అని అమెరికా ఇంధన శాఖ లెక్క. 2 కోట్లలో 26 లక్షలు. పైగా యాన్బూలో ఎక్కించి మన వైపు రావాలంటే హౌతీల ముందు నుంచి రావాలి.

ఇంకోటి ఎవరూ మాట్లాడరు. ప్రపంచానికి ఏదైనా అయితే అదనంగా తోడి ఇవ్వగల శక్తి ఎవరి దగ్గర ఉంది? ఎక్కువగా సౌదీ, యూఏఈ దగ్గర. ఆ అదనం కూడా అదే ద్వారం వెనకే. ఇల్లు కాలితే ఆర్పే నీళ్లు ఆ ఇంట్లోనే ఉన్నట్టు. ఖతార్ గ్యాస్ మన వైపు రావడానికైతే పైపు కూడా లేదు. ఎల్ఎన్‌జీ (ద్రవంగా మార్చిన సహజ వాయువు), మన ఎల్‌పీజీ, ఏదైనా ఓడే.

దమ్మాం_సత్తిబాబు
22 జూన్ 2025, సాయంత్రం 4:15

అమెరికా కూడా దిగింది. ఇరాన్ అణు కేంద్రం ఫోర్దో మీద పెద్ద బాంబులు. ఇరాన్ పార్లమెంటు హోర్ముజ్ మూసేయాలని ఓటేసిందట, ఆఖరి మాట వాళ్ల భద్రతా మండలిది. మా క్యాంపులో ఒక్కసారిగా అందరూ బియ్యం, పప్పు కొనేసుకున్నారు. సూపర్ మార్కెట్లో కందిపప్పు అయిపోయింది.

2022 జనవరిలో అబుదాబి ముసఫాలో ఇంధన డిపో మీద డ్రోన్లు పడ్డప్పుడు పోయిన ముగ్గురిలో ఇద్దరు మనవాళ్లే, ఒకరు పాకిస్తానీ. నూనె ఎవరిదైనా, ట్యాంకు పక్కన నిలబడేది మేమే కదా. పద్మ గారు రాసింది రెండుసార్లు చదివాను.

మల్కాపురం_పద్మ
22 జూన్ 2025, సాయంత్రం 4:40

అన్నా, ఇంటికి నిజం చెప్పండి. ఏమీ లేదు అంటే వాళ్లకు టీవీ ఇంకా ఎక్కువ చూడాలనిపిస్తుంది. నేనూ ఒకప్పుడు ఫోన్‌కి ఈ చివరన కూర్చున్నదాన్నే.

షేర్ల_కోటి
23 జూన్ 2025, రాత్రి 11:55

ఈ రోజును నేను మర్చిపోను. పొద్దున బ్రెంట్ 81 డాలర్లు దాటింది. రాత్రి ఇరాన్ ఖతార్‌లోని అమెరికా స్థావరం అల్ ఉదైద్ మీద క్షిపణులు వేసింది. టీవీ ఆన్ చేసి ఇక 90 చూడొచ్చు అనుకున్నా. నూనె ఏడు శాతం పడిపోయింది!

ఖతార్ మీద క్షిపణులు పడితే ధర పడిపోవడమేంటని మా ఆవిడ అడిగింది. ఇరాన్ కొట్టింది స్థావరాన్ని. ఓడల్ని కాదు, గ్యాస్ ప్లాంటుని కాదు. తనకు కోపం ఉంది గానీ ద్వారం మూసే ఉద్దేశం లేదని చెప్పినట్టు. మూస్తే తన ఖార్గ్ నూనె కూడా లోపలే ఉండిపోతుంది మరి. నేను మాత్రం 80 దగ్గర కొని కూర్చున్నా. ఎంత పోయిందో ఇక్కడ రాయను, ఆవిడ ఈ ఫోరం చదువుతుంది.

అంతా_నాటకం
24 జూన్ 2025, ఉదయం 7:30

కాల్పుల విరమణ అట. పన్నెండు రోజులు. నా పేరు ఊరికే పెట్టుకోలేదు.

పంప్‌హౌస్_పెద్దాయన
24 జూన్ 2025, ఉదయం 8:45

నాటకం గారూ, ఈసారి మీతో ఒప్పుకోను. ముగిసింది కాబట్టి తేలిగ్గా కనబడుతోంది. 1991లో కువైట్ వదిలి పోతూ ఇరాకీ సైన్యం 600కు పైగా బావులకు నిప్పు పెట్టింది. చివరి మంట నవంబరు 6న ఆరింది. యుద్ధం ఫిబ్రవరిలోనే అయిపోయినా, మంటలు ఆరడానికి ఎనిమిది నెలలు పట్టింది. అబ్‌కైక్ రెండు వారాల్లో లేచి నిలబడిందంటే వాళ్లకు విడిభాగాలు ముందే గోడౌన్లో ఉన్నాయి, డబ్బు ఉంది, సత్తిబాబు లాంటి వాళ్లు వేలల్లో ఉన్నారు. పెద్ద కాలమ్ ఒకటి కొత్తగా చేయించాలంటే ఏడాది పైనే పడుతుంది. అది పోయిన రోజు కాల్పుల విరమణతో ఏమీ తిరిగి రాదు.

జాలరిపేట_శ్రీను
28 జూన్ 2025, ఉదయం 10:20

బోటు వచ్చింది. రొయ్య బాగా పడింది, కోనాం ఒక మోస్తరు. డీజిల్ రేటు పైసా మారలేదని చెబితే మా అయ్య, "మరి రెండు వారాలు నన్నెందుకు భయపెట్టావు?" అన్నాడు. సముద్రం మీద సిగ్నల్ దొరికినప్పుడల్లా నేను పంపిన మెసేజీలన్నీ దాచుకుని వచ్చాడు. హోర్ముజ్ అంటే ఏంటని కళాసీలకు కూడా ఆయనే చెప్పాడట, మన హార్బర్ మౌత్ లాంటిదని, అక్కడ ఒక బోటు మునిగితే లోపలున్న ఏడువందల బోట్లూ బందీలేనని. నేను అంత బాగా చెప్పలేదు.

మూడో_ఇంజనీర్
30 జూన్ 2025, సాయంత్రం 6:05

విశాఖ యాంకరేజ్. డాల్ఫిన్స్ నోస్ కనబడుతోంది. మేము దాటింది 20వ తేదీ రాత్రి. ఇంజిన్ రూమ్‌లో ఉన్నాను కాబట్టి హోర్ముజ్‌ని నేను చూడనే లేదు. శబ్దం మాత్రమే విన్నాను, అదీ మా ఇంజినుదే.

లోపల దాదాపు 45 వేల టన్నుల గ్యాస్ ఉంది. నిన్న వాచ్‌లో లెక్కేశా. ఇంటి బండలుగా నింపితే 31 లక్షల పైన. దేశానికి ఒక్క పూట వంట.

ఇడ్లీపాత్ర
1 జూలై 2025, ఉదయం 6:50

కొట్టు బండ ఈ రోజు నుంచి 58 రూపాయలు తగ్గిందని ఏజెన్సీ నుంచి మెసేజ్ వచ్చింది! యుద్ధం అయ్యాక తగ్గడమేంటి పెద్దాయన గారూ?

పంప్‌హౌస్_పెద్దాయన
1 జూలై 2025, ఉదయం 7:30

మన గ్యాస్ ధర సౌదీ వాళ్లు నెలనెలా ప్రకటించే కాంట్రాక్ట్ ప్రైస్‌ని చూసి కదులుతుందమ్మా. జూన్ నెల ధర వాళ్లు యుద్ధానికి ముందే ప్రకటించేశారు. మీ బండకు ఆ పన్నెండు రోజుల సంగతి ఇంకా తెలియదు. వచ్చే నెల చూద్దాం.

ఇడ్లీపాత్ర
1 జూలై 2025, ఉదయం 7:41

అయితే కట్టెల పొయ్యి మళ్లీ అటకెక్కించొద్దని మా ఆయనకు చెబుతాను. మూడో ఇంజనీర్ బాబూ, సైన్ ఆఫ్ అయ్యాక కొట్టుకు రా. కూర్మన్నపాలెం జంక్షన్‌లో ఎవరినడిగినా చెబుతారు. పదిన్నర దాటితే ఇడ్లీ ఉండదు, పెసరట్టు ఉంటుంది.